గాలి సెలవిస్తే...

తీర్థయాత్రకు తిథి చూస్తాం. పెళ్లి ప్రయాణానికి ముహూర్తం చూస్తాం. పిల్లలతో ఊరెళ్లాలంటే పరీక్షలు ఎప్పటికి అయిపోతాయో చూస్తాం. రైలు టికెట్ ఖాయమైన రోజే మంచిరోజనుకుని బయల్దేరే వాళ్లకూ కొదవ లేదు. గాలి ఏ దిక్కు నుంచి, ఎంత జోరుగా వీస్తుందో కనుక్కుని సెలవు చీటీ రాసేవాళ్లు మాత్రం అరుదు. కైట్ సర్ఫింగ్ ఆట మరిగినవాళ్లు ఆ అరుదైన కోవకు చెందుతారు. పాదాల కింద చిన్న పలక, నడుముకు బిగించిన పట్టీ, ఇరవై మీటర్లకు పైగా సాగే సన్నని తాళ్లు, వాటి చివర ఆకాశంలో నెలవంకగా వంగిన పెద్ద గాలిపటం. సరంజామా అంతే. ఇంజిను లేదు, ఇంధనం లేదు. గాలి లాగితే నీటి మీద పరుగు, లాగకపోతే ఒడ్డున కూర్చోవడం.

గాలిపటాన్ని పడవకు కట్టాలన్న ఊహ పాతదే. శామ్యూల్ కోడీ అనే సాహసి 1903లోనే గాలిపటం లాగే పడవలో ఇంగ్లిష్ చానల్ దాటాడు. చిక్కల్లా, పటం నీళ్లలో పడితే మళ్లీ పైకి లేచేది కాదు. అంచుల్లో గాలి నింపి, మునగకుండా తిరిగి లేచే పటాన్ని ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరవాసులు బ్రూనో, డొమినిక్ లెగెన్యూ సోదరులు రూపొందించి 1984లో పేటెంట్‌కు పెట్టారు. దాన్ని జనం చేతికి అందించడానికి వాళ్లకు మరో పదేళ్లకు పైగా పట్టింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మార్సెయ్ సముద్రం మీద ఇదే ఆటకు తొలిసారి పతకాలు ఇచ్చారు.

విశాఖ ఉక్కునగరంలో పెరిగి, మధురవాడలో ఉద్యోగం చేసుకుంటున్న ఓ యువకుడు ఈ ఆట కోసం గ్రీసు దీవికి వెళ్లాలనుకున్నాడనుకుందాం. మామూలు విహారయాత్రకు అడిగే ప్రశ్నలు అతనికి పనికిరావు. గదికి సముద్రం కనిపిస్తుందా అన్నది పెద్ద సంగతి కాదు. తీరం ఏ దిక్కుకు తిరిగి ఉంది, గాలి ఒడ్డు మీదికి కొడుతుందా, ఒడ్డు వెంబడి వీస్తుందా, ఒడ్డు నుంచి సముద్రంలోకి తోస్తుందా అన్నవే అతనికి ముఖ్యం. లోపలికి తోసే గాలి ప్రాణాంతకం. తాడు తెగినా పటం కూలినా మనిషి నడిసంద్రం దారి పడతాడు. నేరుగా ఒడ్డు మీదికి కొట్టే గాలి రాళ్ల మీదికో గోడల మీదికో విసిరేయగలదు. ఒడ్డు వెంబడి కాస్త వాలుగా వీచేదే మేలైన గాలి. అందుకే ఈ ఆటగాళ్లు నాక్సోస్ దీవిలో మిక్రీ విగ్లా, పారోస్ దీవిలో పూండా, రోడ్స్ దీవి దక్షిణపు కొసన ప్రసోనీసి వంటి చోట్లు వెతుక్కుంటారు. ప్రసోనీసిలో సన్నని ఇసుక మెడకు ఒక పక్క అలలు ఎగసిపడుతుంటే, రెండో పక్క నీళ్లు చదునుగా ఉంటాయి. అనుభవజ్ఞులు అటు, కొత్తవాళ్లు ఇటు. రెండు పక్కలా వీచేది ఒకటే గాలి.

ఎప్పుడు వెళ్లాలి అన్నది తర్వాతి ప్రశ్న. ఏజియన్ సముద్రం మీద వేసవిలో ఉత్తరం నుంచి వీచే గాలికి మెల్టెమి అని పేరు. మే చివర మొదలై సెప్టెంబరు దాకా ఉంటుంది. జులై, ఆగస్టుల్లో దాని జోరు ఎక్కువ. ఆకాశంలో మబ్బు తునక ఉండదు, ఎండ మండుతుంటుంది, గాలి మాత్రం రోజుల తరబడి ఆగదు. మన పంచాంగంలో చూస్తే అది ఆషాఢ, శ్రావణాల కాలం. ఆషాఢం గాలులంటే ఏమిటో విశాఖవాసికి వేరే చెప్పాల్సిన పని లేదు. ఆషాఢ పౌర్ణమి వేళ సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ చేసే భక్తులు అప్పూఘర్ దగ్గర సముద్ర స్నానానికి దిగినప్పుడు, తడిబట్టల మీద ఆ గాలి ఎలా కొడుతుందో వాళ్లకు అనుభవమే.

ఈ రెండు గాలులూ ఒకే నెలల్లో వీయడం కాకతాళీయం కాదు. నైరుతి రుతుపవనం భారత ఉపఖండం మీద వర్షించేటప్పుడు మబ్బుల్లో అపారమైన వేడి విడుదలవుతుంది. ఆ వేడికి పైకి లేచిన గాలి ప్రభావం పడమరకు పాకి, తూర్పు మధ్యధరా మీద గాలి కిందికి దిగడానికి దోహదం చేస్తుందని 1996లో బ్రిటన్ శాస్త్రవేత్తలు మార్క్ రాడ్‌వెల్, బ్రియాన్ హాస్కిన్స్ చూపించారు. దిగే గాలిలో మబ్బు కట్టదు కాబట్టి అక్కడ వేసవి అంతా నిర్మలాకాశం. మరోవంక రుతుపవనాల అల్పపీడనం మన వాయవ్యం నుంచి ఇరాన్ మీదుగా టర్కీ దాకా చాచుకుని ఉంటుంది. బాల్కన్ దేశాల మీద అధికపీడనం ఉంటుంది. ఆ రెంటి నడుమ ఏజియన్ ఒక గాలి బాట అవుతుంది. అంటే, ఉత్తరాంధ్ర పొలంలో వరినారుకు నీరిచ్చే వ్యవస్థకూ, నాక్సోస్ తీరంలో గాలిపటాన్ని నిలబెట్టే గాలికీ చుట్టరికం ఉంది. మన కుర్రవాడు వేల కిలోమీటర్లు ఎగిరి వెళ్లి కలుసుకోబోయేది పూర్తిగా పరాయిదాన్ని కాదు.

ఆ చుట్టరికం శాస్త్రానికి అందక ముందే నావికులు దాన్ని వాడుకున్నారు. ఏటా తప్పకుండా వచ్చే ఈ ఉత్తరపు గాలుల గురించి అరిస్టాటిల్ తన వాతావరణ గ్రంథంలో చర్చించాడు. క్రీస్తుశకం తొలి శతాబ్దంలో ఈజిప్టు రేవుల నుంచి భారతదేశానికి ఓడలు జులై ప్రాంతంలో బయల్దేరేవని, ‘ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్’ అనే గ్రీకు నావికుల కరదీపిక చెబుతుంది. ఎర్ర సముద్రం మీద ఉత్తరపు గాలి దక్షిణానికి తోస్తే, అరేబియా సముద్రం మీద నైరుతి గాలి తూర్పుకు తోసేది. ఆ పుస్తకంలో మన కృష్ణాతీరపు సన్నని నేతబట్టల ప్రస్తావన ఉంది. విశాఖ - భీమిలి దారిలో తొట్లకొండ మీద బౌద్ధ విహారాన్ని తవ్వినప్పుడు శాతవాహన నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు బయటపడ్డాయి. ఏ చేతులు మారి వచ్చినా, వాటి ప్రయాణంలో కొంత దూరమైనా గాలి మోసినదే. సముద్రం కనిపించేలా కొండ మీద విహారం కట్టుకున్న భిక్షువులకు తెరచాపల రాకపోకలు మామూలు సంగతి అయి ఉంటుంది.

ఏథెన్స్ నగరంలో పాలరాతి గోపురం ఒకటి రెండు వేల ఏళ్లకు పైగా నిలిచి ఉంది. దానికి ఎనిమిది ముఖాలు, ఒక్కో ముఖం మీద ఒక్కో గాలి దేవుడి శిల్పం. మన గుడి మండపాల పైకప్పుల మీద అష్టదిక్పాలకుల్ని చెక్కినట్టే. ఎనిమిది దిక్కులకూ ఎనిమిది మంది అధిపతుల్ని నిలిపి, అందులో ఒక మూలను వాయుదేవుడికి అప్పగించిన సంస్కృతి మనది. నాలుగు వీధులు దాటి వెళ్లడానికి కూడా దిక్కు చూసుకున్న తాతల మనవలం, ఇప్పుడు కిటికీ తెరిస్తే ఏ వైపు నుంచి గాలి వస్తోందో చెప్పలేని గదుల్లో కాపురం ఉంటున్నాం.

మళ్లీ మన యువకుడి ప్రయాణానికి వద్దాం. గ్రీసుకు కావలసిన షెంజెన్ వీసా దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. ఏ రోజు ఎక్కడ దిగుతారో, ఎక్కడ పడుకుంటారో కాగితం మీద రాసి ఇవ్వాలి. వీసా అధికారికి కావలసినవి తేదీలు, గాలి దగ్గర లేనివీ అవే. మెల్టెమి నాలుగు రోజులు చెలరేగి రెండు రోజులు సద్దుమణగవచ్చు. లేదా అసలు ఆగకుండా కొత్తవాడు నీళ్లలో దిగలేనంత జోరు చూపవచ్చు. అంతకన్నా చిత్రం, ఏథెన్స్ దగ్గరి పిరాయెస్ రేవు నుంచి దీవికి వెళ్లే ఫెర్రీల సంగతి. గాలి మితిమీరితే తీరరక్షక దళం ఓడల్ని కదలనివ్వదు. ఏ గాలి కోసం అంత దూరం వెళ్లాడో అదే గాలి అతణ్ని రేవులోనే కూర్చోబెడుతుంది.

సామాను సర్దుకోవడంలోనూ లెక్కుంది. గాలి వేగం రెట్టింపు అయితే దాని లాగుడు నాలుగు రెట్లు అవుతుంది. 12 నాట్ల గాలిలో, అంటే గంటకు సుమారు 22 కిలోమీటర్ల వేగంలో, 12 చదరపు మీటర్ల పటం కావలసిన మనిషికి, 25 నాట్ల గాలిలో 7 మీటర్ల పటం సరిపోతుంది. ఆశ కొద్దీ పెద్ద పటం ఎగరేస్తే అది మనిషిని ఎగరేస్తుంది. అందుకే అనుభవజ్ఞులు రెండు మూడు కొలతల పటాలు వెంట తీసుకెళ్తారు. తిరుగు ప్రయాణానికి ముందు ఒకటి రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకుండా ఖాళీగా ఉంచుకుంటారు. ఈ ఖాళీ రోజులే మొత్తం ప్రణాళికకు ప్రాణం. సెలవులో ప్రతి పూటనూ ఏదో ఒక దర్శనంతో నింపి, ఫొటోలు లెక్కపెట్టుకుంటూ ఇంటికొచ్చే మనకు ఖాళీ వదలడం చేతకాదు. గాలితో పని పెట్టుకున్న వాళ్లకు అది తప్పనిసరి విద్య.

ఆ విద్యను ఎంతో పెద్ద కొలతలో అభ్యసించిన విశాఖ ఆడపడుచు ఒకరున్నారు. నౌకాదళ అధికారిణి లెఫ్టినెంట్ కమాండర్ పి.స్వాతి 2017 సెప్టెంబరులో గోవా నుంచి ‘తారిణి’ అనే తెరచాప నౌకలో భూప్రదక్షిణకు బయల్దేరిన ఆరుగురు మహిళల్లో ఒకరు. హైదరాబాద్‌కు చెందిన లెఫ్టినెంట్ బి.ఐశ్వర్య కూడా ఆ జట్టులో ఉన్నారు. 55 అడుగుల ఆ చిన్న నావ 21,600 నాటికల్ మైళ్లు తిరిగి 2018 మే 21న గోవా చేరింది. దక్షిణ అమెరికా కొసన కేప్ హార్న్ దాటే దారిలో భీకరమైన గాలుల్ని తట్టుకోవడం ఎంత కష్టమో, భూమధ్యరేఖ దగ్గర గాలి స్తంభించినచోట ఓపిక పట్టడమూ అంతే కష్టం. చుక్కాని యంత్రాంగం మొరాయించి చివరి అంకంలో మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. ఆ ప్రయాణ పటంలో ముందుగా రాసుకున్న రేవు కాదది. అయినా ప్రదక్షిణ పూర్తయింది. ప్రణాళిక చెడిపోయిందని ఎవరూ అనలేదు, మార్పును ఇముడ్చుకునేలాగే దాన్ని వేసుకున్నారు కాబట్టి.

గాలికీ విశాఖకూ ఉన్న లావాదేవీలు ఒక్క నౌకాయానంతో తీరేవి కావు. ఇక్కడ ఓడరేవు కట్టేటప్పుడు ఇంజినీర్లకు ఎదురైన పెద్ద సవాలు గాలి తోసే అలలు, అలలు మోసే ఇసుక. రేవు ముఖద్వారం పూడిపోకుండా రెండు పాత ఓడల్ని కావాలనే ముంచి అడ్డుకట్టగా వాడుకున్నారు. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ రేవు లోపలికి వచ్చింది. ఆ ఇసుక పోరు నేటికీ తీరలేదు. రేవు ఇసుకను ఆపుతుంది, ఆర్కే బీచ్ కోతకు గురవుతుంది, తవ్వితీసిన ఇసుకను మళ్లీ తెచ్చి ఒడ్డున పోయాల్సి వస్తుంది. ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ పేర్లున్న బ్లాస్ట్ ఫర్నేసుల కడుపులోకి వెయ్యి డిగ్రీలకు పైగా వేడెక్కించిన గాలిని ఊదితే గానీ ఖనిజం కరిగి ఇనుముగా పారదు. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్ల పాటు గాలీ నీరూ కలిసి పేర్చిన ఇసుక కొండలు. ఊరి రేవులో, ఉక్కులో, మట్టిలో గాలి చేయి ఉంది.

చేపల్లోనూ ఉంది. 1950ల్లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, వాల్తేరు ఎదుటి సముద్రాన్ని ఇక్కడి విద్యార్థులతో కలిసి శోధించారు. వేసవిలో నైరుతి గాలి తీరం వెంబడి వీచినప్పుడు పైనీరు ఒడ్డు నుంచి దూరంగా జరుగుతుందని, దాని చోటులోకి అడుగు నుంచి చల్లని నీరు ఉబికి వస్తుందని ఆ పరిశోధనలు తెలిపాయి. చల్లని నీటి వెంట పోషకాలు, పోషకాల వెంట చేపలు. జాలరిపేట పెద్దలకు ఈ గొలుసులోని చివరి కొక్కెం ముందే తెలుసు. తెప్పకు తెరచాప కట్టుకున్న రోజుల్లో వాళ్లు తెల్లవారుజామున నేల మీది నుంచి వీచే గాలితో లోనికి వెళ్లి, మధ్యాహ్నం సముద్రపు గాలి తిరగగానే ఒడ్డుకు వచ్చేవారు. రోజూ గాలి వేళల్ని బట్టి బతుకు నడుపుకున్న మనుషులు వాళ్లు. సెలవు కోసం కాదు, కూటి కోసం. ఇప్పుడు ఫైబర్ పడవలు, ఇంజిన్లు వచ్చాయి. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ గాలి వేగాన్ని, అలల ఎత్తును, చేపలు దొరికే చోట్లను వాళ్ల ఫోన్లకు చేరవేస్తోంది. తెరచాపకు మళ్లీ వెళ్లాలని వాళ్లను అడిగే హక్కు మనకు లేదు. వాళ్లకు తెలిసినదాన్ని అడిగి తెలుసుకునే ఓపికైనా మనకు ఉండాలి.

మిగతా నగరానికి గాలి గుర్తొచ్చేది తుపాను నాడే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ దాదాపు 180 కిలోమీటర్ల వేగంతో విశాఖ తీరాన్ని తాకింది. ఆటగాడు కోరుకునే మంచి గాలికి అది నాలుగు రెట్ల వేగం, అంటే పదహారు రెట్ల బలం. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది. పచ్చని కొండలు ఒక్క పూటలో మోడువారాయి. గాలిని పసిగట్టాల్సిన కైలాసగిరి రాడార్ కూడా దెబ్బతింది. ఆనాడు ఇంట్లో బిక్కుబిక్కుమంటూ కూర్చున్న పిల్లలు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు. వాళ్లలో ఎవరైనా అదే గాలితో ఆడుకోవాలనుకుంటే, అది భయం నుంచి పరిచయంలోకి వేసే అడుగు. మెచ్చుకోవలసిందే.

అయితే ఆ అడుగు ఎక్కడ వేయాలన్న దానిలో తొందర పనికిరాదు. మన తీరంలో నేల గభాలున లోతవుతుంది, కెరటం ఒడ్డు దగ్గరే విరుగుతుంది, వెనక్కి మళ్లే నీరు సన్నని పాయలుగా మనిషిని లోపలికి లాక్కుపోతుంది. 2020లో నీలి జెండా గుర్తింపు పొందిన రుషికొండ అయినా, అందాల యారాడ అయినా ఈ విషయంలో ఒకటే. స్నానానికి దిగి తిరిగిరాని యువకుల వార్తలు పత్రికల్లో తరచూ వస్తూనే ఉన్నాయి. ఈ ఆట నేర్చుకోవాలనుకునే వాళ్లకు రామేశ్వరం పరిసరాల్లోని లోతులేని నీళ్లున్నాయి, శ్రీలంకలో కల్పిటియ మడుగులున్నాయి. అక్కడ అక్షరాలు దిద్దుకుని ఏజియన్‌కు వెళ్లడం ఖర్చుకూ మంచిది, ఒంటికీ మంచిది. కొత్తగా ఏ ఆటను విశాఖకు తేవాలన్నా ముందు గజ ఈతగాళ్లు కావాలి, హెచ్చరిక జెండాలు కావాలి, ఆ పూట గాలి దిక్కునూ వేగాన్నీ తెలుగులో రాసిపెట్టే పలక ఒకటి ప్రతి బీచ్‌లో కావాలి. పడవలు లాగే చోట, వలలు ఆరబెట్టే చోట గాలిపటాలకు తావు ఉండకూడదు.

గాలి పలక పెట్టడానికి కోట్లు అక్కర్లేదు. వాతావరణ శాఖ తుపాను హెచ్చరికల కేంద్రం ఈ ఊళ్లోనే ఉంది, సమాచారం రోజూ వస్తూనే ఉంది. అది జాలరికీ, ఓడ సరంగుకూ మాత్రమే కాకుండా సాయంత్రం పల్లీలు కొనుక్కుని ఇసుకలో కూర్చునే కుటుంబానికీ చేరాలి. ఈ పూట నైరుతి గాలి, పదిహేను నాట్లు, నీళ్లలో దిగొద్దు అని చదివిన పిల్లవాడు నాలుగు రోజులకు దిక్కు పోల్చుకుంటాడు, నెలకు వేగం అంచనా వేస్తాడు. వాడు పెద్దయ్యాక గ్రీసుకు వెళ్లినా, ఎక్కడికీ వెళ్లకపోయినా ఆ చదువు వృథా కాదు. తుపాను రోజున ఎప్పుడు ఇల్లు కదలాలో, ఎప్పుడు కదలకూడదో దాని వల్లే తెలుస్తుంది.

ఇక ఆ యువకుడికి ఒక్క మాట. పది రోజుల సెలవులో గాలి ఆరు రోజులే కలిసిరావచ్చు. మిగిలిన నాలుగు రోజుల్ని నష్టం పద్దులో రాసుకోవద్దు. దీవిలోని ముసలి పల్లెకారుల పక్కన కూర్చుని, రేపు గాలి ఉంటుందా అని అడగాలి. మన జాలరిపేట పెద్దల్లాగే వాళ్లూ ఆకాశం వైపు ఒకసారి చూసి గానీ జవాబు చెప్పరు. ఆ జవాబు తప్పినా తప్పవచ్చు. డబ్బు పెట్టి టికెట్ కొనుక్కున్నంత మాత్రాన ప్రకృతి మనకు బాకీ పడదని నమ్మి ఇల్లు కదిలిన మనిషికి, గాలి లేని రోజూ సెలవు రోజే.